ఏసీఎల్ ఆపరేషన్ సామాను: ఏది కొనాలి, ఏది అద్దెకు తేవాలి, ఏది దండగ

ఏసీఎల్ అంటే మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే లిగమెంట్. దానికి ఆపరేషన్ అయి డిశ్చార్జి అయ్యే రోజు మందుల చీటీ అడుగున ‘లాంగ్ నీ బ్రేస్’, అంటే పొడవాటి మోకాలి బెల్టు, అని ఒక లైను ఉంటుంది. ఖర్చు అక్కడ మొదలవుతుంది. ఆసుపత్రి కింద మెడికల్ షాపాయన బెల్టుతో పాటు జెల్ ప్యాకు, చంక కర్రలు, మోకాలికి తొడిగే నీ క్యాప్ కూడా సంచిలో సర్దేస్తాడు. ఆరు వారాలు తిరక్కుండానే అందులో సగం అటకెక్కుతుంది. అసలు డబ్బు పెట్టాల్సిన నాలుగో నెల వచ్చేసరికి జేబు ఖాళీ, ఫిజియో బంద్. కబడ్డీ కోర్టులోనో, వాలీబాల్ నెట్ దగ్గరో, షటిల్ ఆడుతూనో లిగమెంట్ తెంపుకున్నవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే.

తొడ వెనక కండర (హామ్‌స్ట్రింగ్) నుంచి గ్రాఫ్ట్, అంటే తెగిన లిగమెంట్ స్థానంలో పెట్టే ముక్క, తీసి వేసే మామూలు ఏసీఎల్ ఆపరేషన్‌ని దృష్టిలో పెట్టుకుని రాసిన రివ్యూ ఇది. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కి కుట్లు కూడా పడితే లెక్క మారుతుంది. మీ సర్జన్ ఇచ్చిన ప్రొటోకాల్‌కీ దీనికీ తేడా వస్తే సర్జన్ మాటే ఖాయం.

ముందు బిల్లు సంగతి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ‘చెల్లించనక్కర్లేని ఐటమ్స్’ జాబితాలో నీ బ్రేస్, ఇమ్మొబిలైజర్ (కదలకుండా పట్టే బెల్టు), నడక కర్రలు ఉన్నాయి. ఆపరేషన్‌ క్లెయిమ్ పాసైనా ఈ ముక్కలు కోత పడతాయి. కన్స్యూమబుల్స్ రైడర్ (ఇలాంటి సామానుకి అదనపు కవరు) ఉన్న పాలసీ అయితే వేరే మాట. ఎలాగూ చేతి డబ్బే కాబట్టి ఆసుపత్రి కౌంటర్లోనే కొనాలన్న రూలేం లేదు. సైజు రాయించుకుని బయట కొనుక్కోవచ్చు.

లాంగ్ నీ బ్రేస్. తొడ పైనుంచి పిక్క కింది దాకా వచ్చే బెల్టు, లోపల లోహపు పట్టీలు. ధర సుమారు వెయ్యి నుంచి పదిహేను వందలు. టైనార్, విస్కో, ఫ్లెమింగో, షాపులో ఏది దొరికినా పనిలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా పొడవులో. 19 అంగుళాలది, 22 అంగుళాలది ఎక్కువగా దొరుకుతాయి. పొట్టి మనిషికి 22 అంగుళాలది అంటగడితే కూర్చున్నప్పుడల్లా పై అంచు గజ్జల్లో గుచ్చుకుంటుంది, దాంతో మనిషి బెల్టుని కిందికి లాక్కుంటాడు, మోకాలి దగ్గర ఉండాల్సిన పట్టు పిక్క మీదికి జారుతుంది. గజ్జలకు నాలుగు వేళ్లు కింద మొదలై, చీలమండకు నాలుగైదు వేళ్లు పైన ఆగితే సరిపోయినట్టు.

మెనిస్కస్ కుట్లు లేని ఏసీఎల్ కేసుల్లో బెల్టు వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ చివరికి మోకాలి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధనలు తేల్చి చాలా ఏళ్లయింది. అయినా మన సర్జన్లు రాస్తారు, అందులో తప్పు లేదు. నర్వ్ బ్లాక్ (కాలికిచ్చిన మత్తు) దిగేదాకా, తొడ ముందు కండ మేలుకునేదాకా మోకాలు ఉన్నట్టుండి మడత పడకుండా కాస్తుంది. ఎప్పుడు విప్పాలో చెప్పే పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకుని, మోకాలు బిగించి, కాలు మొత్తం అడుగు ఎత్తు లేపాలి. మడమ పరుపు మీంచి లేచే ఆ మొదటి క్షణంలో మోకాలు ఏ కాస్త వంగినా కండ ఇంకా నిద్రలోనే ఉన్నట్టు. వంగకుండా వరసగా పదిసార్లు లేపగలిగితే బెల్టు తీసే సంగతి సర్జన్ని అడగండి. మూడో నెలలో కూడా ధైర్యం కోసం బెల్టు కట్టుకు తిరిగేవాళ్లు తొడ కండని చేజేతులా కరిగించుకుంటున్నట్టే. పుత్తూరు కట్టుకి వెళ్దామా అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఇదే జవాబు: కట్టు విరిగిన ఎముకకి. లిగమెంట్ తెగిన మోకాలిని కదలకుండా వారాల తరబడి బిగిస్తే మిగిలేది సన్నబడ్డ తొడా, బిగుసుకుపోయిన జాయింటూ.

ఏ బెల్టయినా ఒక చోట మాత్రం జాగ్రత్త. మోకాలి బయటివైపు, చిప్పకు కాస్త కిందుగా, గోలీకాయంత ఎముక బుడిపె చేతికి తగులుతుంది. దాని కింద మెడ చుట్టూ చర్మానికి ఆనుకునే ఒక నరం తిరుగుతుంది. పాదాన్ని పైకి లేపేది అదే. బెల్టు పట్టీ సరిగ్గా దాని మీద బిగిస్తే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, ఇంకా అలాగే వదిలేస్తే పాదం వేలాడుతుంది. బుడిపెకి పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ వచ్చేలా కట్టి, బుడిపె మీద మెత్తటి దూది పెట్టాలి. బొటనవేలు పైకి లేపలేకపోతే వెంటనే బెల్టు వదులు చేసి ఆసుపత్రికి ఫోన్ చేయండి, పొద్దున్నే చూద్దాంలే అనుకోవద్దు.

హింజ్ బ్రేస్, అంటే పక్కన డయల్ ఉండే ఆర్‌ఓఎం (కదలిక పరిధి) బ్రేస్. సుమారు మూడు నుంచి ఆరు వేలు. మెనిస్కస్ కుట్లు పడ్డవాళ్లకి ఇది నిజంగా అవసరం. నాలుగు నుంచి ఆరు వారాలు మోకాలు 90 డిగ్రీలు దాటకుండా డయల్ దగ్గరే ఆపేస్తుంది. ఒక్క ఏసీఎల్‌కి అయితే ఎందుకు రాశారో అడిగి కొనండి.

దీనికున్న పెద్ద రోగం జారడం. తొడ గరాటులా పైన లావు, కింద సన్నం. ఆపరేషన్ తర్వాత ఇంకా సన్నబడుతుంది. పది అడుగులు వేసేసరికి డయల్ మోకాలు దిగి పిక్క దగ్గర తేలుతుంది. అప్పుడు బ్రేస్ ఒక చోట మడుస్తుంది, మోకాలు ఇంకో చోట మడుస్తుంది, ఆ లాగుడంతా చర్మం మీద, జాయింట్ మీద పడుతుంది. కట్టే పద్ధతి ఇది: కాలు చాచి కూర్చుని డయల్ మధ్యభాగం చిప్ప మధ్యకు సమంగా, పక్కనుంచి చూస్తే కాస్త వెనక్కి ఉండేలా పెట్టాలి. ముందుగా మోకాలి కింద, పిక్క లావుకు పైనున్న పట్టీ బిగించాలి. బ్రేస్‌ని జారకుండా పట్టుకునేది అదే. తర్వాత మోకాలి పైది, ఆ తర్వాత పిక్క అడుగుది, చివర్న తొడ పైది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఉత్త చర్మం మీద కాకుండా పల్చటి కాటన్ గొట్టం గుడ్డ వేసుకుని కడితే విజయవాడ ఎండల్లో కూడా పొక్కులు రావు. వెల్క్రోలో దూది, వెంట్రుకలు చేరితే రెండు వారాలకే పట్టు వదిలేస్తుంది. పాత టూత్ బ్రష్‌తో దువ్వితే మళ్లీ పట్టుకుంటుంది. పని అయ్యాక బాగానే ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్ల దగ్గర పాతది దొరికితే అదే తీసుకోండి, లైనింగ్ ఉతికితే చాలు. డయల్ పిన్ను మాత్రం 0 దగ్గరా 90 దగ్గరా నిజంగా ఆగుతోందో లేదో చేత్తో మడిచి చూడండి.

కర్రలు కొనే పని లేదు. అద్దెకో, అరువుకో తెచ్చుకోండి. రెండు మూడు వారాల పని. చంక కర్రకి చంకలో రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బరువు అరచేతుల మీద పడాలి. చంక మీద వేలాడితే చేతి నరం నొక్కుకుపోయి మణికట్టు వాలిపోతుంది. చేయి కిందికి వదిలితే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. అడుగు రబ్బరు అరిగితే ముందు అది మార్చండి, ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు. తడి బాత్రూంలో జారి కొత్త గ్రాఫ్ట్ తెంపుకోవడం కన్నా అది చవక. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. ఒక కర్రకి మారాక అది నొప్పి కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. దీన్ని చాలామంది తిరగేసి పట్టుకుంటారు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్టే ఉంటే కమోడ్ కుర్చీ ఒకటి తప్పదు, అది కూడా అద్దెకే.

ఐస్ ప్యాకు. నీలం జెల్ ప్యాకులు రెండు కొంటే చాలు, ఒకటి ఫ్రీజర్లో, ఒకటి కాలి మీద. జెల్ ఫ్రీజర్లోంచి తీసినప్పుడు సున్నా కన్నా బాగా కిందే ఉంటుంది, నేరుగా పెడితే చర్మం కాలుతుంది. పొడి చేసిన ఐసు, నీళ్లు కలిపి జిప్ కవర్లో పోస్తే ఐసు కరిగేదాకా సున్నా దగ్గరే ఉంటుంది, మోకాలి ఆకారానికి సర్దుకుంటుంది కూడా. మా ఓటు దానికే. తడి తువ్వాలు మడత మీద 15 నుంచి 20 నిమిషాలు, గంటన్నర రెండు గంటల విరామం. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గ్రాఫ్ట్ తీసిన కోత దగ్గర చిన్న చర్మనరం తరచుగా తెగుతుంది, అందుకే చిప్ప కింద బయటివైపు అరచేయంత జాగా చాలామందికి నెలల పాటు మొద్దుబారి ఉంటుంది. ఆ జాగాలో ఐసు కాల్చినా తెలీదు. ఐదు నిమిషాలకొకసారి తువ్వాలు తీసి చర్మం రంగు కంటితో చూసుకోవాలి. వేల రూపాయల నీళ్ల పంపు కూలర్లు ఆసుపత్రిలో ఇస్తే వాడుకోండి, కొనొద్దు.

మొదటి రెండు వారాలు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది పైసా ఖర్చు లేనిది, గట్టిగా చుట్టిన తువ్వాలు. అది మోకాలి కింద కాదు, మడమ కింద. మోకాలి కింద దిండు పెడితే ఎంత హాయి! ఆ హాయే కొంప ముంచుతుంది. మోకాలు పది డిగ్రీలు వంగిన చోటే గట్టిపడి, తర్వాత ఎంత లాగినా చాచుకోదు, నడక కుంటి నడకగా మిగిలిపోతుంది. మడమ కింద తువ్వాలు పెట్టి మోకాలిని గాలిలో వదిలి రోజుకి నాలుగైదుసార్లు పదేసి నిమిషాలు. మడత 90 డిగ్రీలు రావడానికి రెండు వారాలు పట్టినా కంగారు లేదు, చాచడం మాత్రం ఆ రెండు వారాల్లోనే పూర్తిగా రావాలి.

వచ్చిందో లేదో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మంచం మీద బోర్లా పడుకుని, చిప్పలు అంచు మీద, కాళ్లు బయటికి. వెనకనుంచి ఎవరినైనా రెండు మడమల ఎత్తు స్కేలుతో చూడమనండి. ఆపరేషన్ కాలి మడమ ఎన్ని సెంటీమీటర్లు పైనుంటే ఇంచుమించు అన్ని డిగ్రీలు తక్కువ అని లెక్క. మూడు సెంటీమీటర్ల తేడా ఆరో వారానికి కూడా తగ్గకపోతే ఫిజియోని కాదు, సర్జన్ని కలవాలి. గ్రాఫ్ట్ ముందు గడ్డలాంటి కణజాలం పెరిగి తలుపు సందులో చెక్క ముక్కలా అడ్డుపడి ఉండొచ్చు, దాన్ని వ్యాయామం కరిగించదు.

రబ్బరు బ్యాండ్లు. అందరూ కొంటారు, చాలామంది ఎక్కువ ఆశ పెట్టుకుంటారు. థెరాబ్యాండ్ రంగుల లెక్కే తీసుకోండి: రెట్టింపు పొడవుకి లాగితే పసుపు సుమారు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3. వేరే కంపెనీల రంగులకి ఈ లెక్క వర్తించదు, ఒకరి ఎరుపు ఇంకొకరి ఆకుపచ్చ. అంటే నలుపుతో చెమటలు కక్కినా తొడకి పడేది మూడు కిలోల పైచిలుకు. మెట్టెక్కుతుంటే అదే తొడ మన ఒంటి బరువంతా మోస్తుంది. పక్కకి కాలు చాపడానికి, తుంటి కండలకి బ్యాండ్ బాగుంటుంది, కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చాలు. తొడ ముందు కండ తిరిగి రావాలంటే రెండు మూడు నెలల నుంచి జిమ్‌లో లెగ్ ప్రెస్ కావాలి, ఫిజియో చెప్పిన కోణాల్లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ కావాలి. బ్యాండ్ మీద చిన్న గాటు కనిపించినా పారేయండి, లాగినప్పుడు తెగి ముఖానికే కొడుతుంది. ఇంకో మాట: హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ అయితే బ్యాండ్ కట్టి మడమ వెనక్కి లాగే వ్యాయామం మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు వద్దు, తీసిన కండ ఇంకా అతుక్కుంటూ ఉంటుంది.

కరెంటు మెషిన్లు. ఇక్కడే జనం ఎక్కువ మోసపోతారు. టెన్స్, ఐఎఫ్‌టీ నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, అంతే. కండని గట్టిగా బిగించేది ఎన్‌ఎంఈఎస్, అది వేరే సరుకు. తొడ మీద రెండు పెద్ద ప్యాడ్లు, ఒకటి చిప్ప పైన లోపలి వైపు, ఒకటి తొడ పైభాగంలో బయటి వైపు. 10 సెకన్లు కరెంటు, 50 సెకన్లు విరామం, 10 నుంచి 15 సార్లు, ఓర్చుకోగలిగినంత గట్టిగా, దాంతో పాటే మీరూ తొడ బిగించాలి. చిమచిమ మాత్రమే ఉండి చిప్ప పైకి కదలకపోతే టైమ్ దండగ. మొదటి ఆరెనిమిది వారాల్లో తొడ నిద్ర లేవనివాళ్లకి మంచి ఉపకారం చేస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. సీపీఎం, అంటే కాలిని దానంతటదే మడిచే మెషిన్, ఇంటికి అద్దెకు తెచ్చుకోమంటే మాత్రం దండం పెట్టేయండి. మడమ కింద నున్నటి ప్లాస్టిక్ కవరు వేసి మంచం మీద జార్చుకుంటే అదే పని అవుతుంది, పైగా కండ కూడా పనిచేస్తుంది.

నీ క్యాప్ గురించి రెండు ముక్కలు చాలు. వెచ్చదనం ఇస్తుంది, ధైర్యం ఇస్తుంది, గ్రాఫ్ట్‌కి కాపలా మాత్రం ఇవ్వదు. వాపు ఉండగా కొలిచి కొంటే నెల తిరిగేసరికి వదులైపోతుంది.

ఇక ఫిజియో. డబ్బంతా దాచి పెట్టాల్సింది దీనికి. చాలా సెంటర్లు 30 సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టించుకుని నెలన్నరలో లాగించేస్తాయి: పావుగంట ఐఎఫ్‌టీ, పది నిమిషాలు అల్ట్రాసౌండ్, చివర్లో ‘ఇంట్లో కాలు లేపండి’. ఆ 30 సిట్టింగులనే తొమ్మిది నెలలకి పరచమని అడగండి. మొదటి ఆరు వారాలు వారానికి రెండు, తర్వాత మూడో నెల దాటేదాకా వారానికొకటి, అక్కణ్నుంచి తొమ్మిదో నెల దాకా మూడు నాలుగు వారాలకొకటి. మధ్య రోజులు ఇంట్లో, జిమ్‌లో మీరే. ఒప్పుకోకపోతే వేరే చోటు చూడండి, హైదరాబాద్‌లో అయినా గుంటూరులో అయినా సెంటర్లకి కొరత లేదు.

మంచి ఫిజియోని మొదటి రోజే గుర్తుపట్టొచ్చు. కోణం కొలిచే గోనియోమీటర్ తీసి డిగ్రీలు రాస్తారు. చిప్ప పైనుంచి పది పదిహేను సెంటీమీటర్ల దగ్గర రెండు తొడలకీ టేపు పెట్టి తేడా రాస్తారు. చిప్పని నాలుగు వైపులా కదిపి చూస్తారు. నీరు ఎంతుందో చూస్తారు, ఇది మీరూ నేర్చుకోవాల్సిన పరీక్ష. కాలు చాచి కూర్చుని, చిప్ప లోపలి వైపు గుంటలోంచి అరచేత్తో రెండు మూడుసార్లు పైకి తుడవండి, గుంట ఖాళీ అవుతుంది. ఇప్పుడు చిప్ప బయటి వైపు పైనుంచి కిందికి ఒక్కసారి తుడిచి లోపలి గుంట వైపే చూడండి. చిన్న అలలా ఉబ్బితే లోపల నీరు ఉన్నట్టు. కిందికి తుడవకముందే దానంతటది నిండిపోతే చాలా ఉన్నట్టు. వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున ఈ అల ముందురోజు కన్నా పెరిగితే వ్యాయామం బరువు తగ్గించాలి, పెరగకపోతే పెంచొచ్చు. ‘నొప్పి లేదు కాబట్టి పెంచేద్దాం’ అనే ఫిజియో కన్నా ఈ అలని చూసి నిర్ణయించే ఫిజియో మేలు. వ్యాయామ సైకిలు కూడా అంతే, తొందరపడొద్దు. మడత 105, 110 డిగ్రీలు రానిదే పెడల్ పూర్తిగా తిరగదు, అప్పటిదాకా సీటు ఎత్తి పెడల్‌ని ముందుకీ వెనక్కీ ఊపడమే.

పిక్క నొప్పి, వాపు, జ్వరం, కుట్ల దగ్గర చీము, ఉన్నట్టుండి ఎర్రబడి కాగే మోకాలు వస్తే ఏ రివ్యూలూ చదవకుండా ఆసుపత్రికి వెళ్లండి. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికే వస్తుంది.

‘మూడు నెలల్లో గ్రౌండులోకి’ అని బోర్డు పెట్టిన చోటికి వెళ్లొద్దు. గ్రాఫ్ట్ వేసిన రోజు గట్టిగానే ఉంటుంది, ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా బలహీనపడుతుంది, ఆ తర్వాతే నెమ్మదిగా లిగమెంట్‌గా మారుతుంది. చిత్రం ఏమిటంటే నొప్పి, వాపు తగ్గి మనిషికి ధైర్యం వచ్చేది కూడా సరిగ్గా ఆ వారాల్లోనే. 2016లో వచ్చిన నార్వే, అమెరికాల ఉమ్మడి అధ్యయనంలో తొమ్మిదో నెల దాకా ఆట ఒక్కో నెల వెనక్కి జరిపినకొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే ముప్పు సగానికి సగం తగ్గింది. 2022 డిసెంబర్లో కారు ప్రమాదంలో మోకాలు దెబ్బతిన్న రిషభ్ పంత్ మళ్లీ ఐపీఎల్ ఆడింది 2024 మార్చిలో, చేతిలో క్రికెట్ బోర్డు ఫిజియోలంతా ఉండి కూడా. ఏసీఎల్ తెగితే ఆట అయిపోయినట్టే అనేవాళ్లకి పుల్లెల గోపీచంద్ పేరు చెప్పండి, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచింది మోకాలి ఆపరేషన్ల తర్వాతే.

సెంటర్లో చేరేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఆటకి వదిలేముందు ఏ టెస్టు పెడతారు?’ సరైన జవాబు ఇలా ఉంటుంది. సుద్దతో గీత గీస్తారు. ఒంటికాలి మీద ఒక గెంతు, వరస మూడు గెంతులు, గీతకి అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, ఆరు మీటర్ల దూరం గెంతుతూ స్టాప్‌వాచ్‌తో టైమ్. మొదట మంచి కాలు, తర్వాత ఆపరేషన్ కాలు. దిగాక రెండు సెకన్లు కదలకుండా నిలబడితేనే లెక్క. తొడ బలం మెషిన్ మీద విడిగా కొలుస్తారు, ఎందుకంటే తొడ చేయాల్సిన పనిని తుంటి, చీలమండ మోసేసి గెంతు దూరాన్ని బాగానే చూపిస్తాయి. అన్నిటిలో ఆపరేషన్ కాలు రెండో కాలిలో 90 శాతం అందుకోవాలి. ‘టెస్టెందుకండీ, చూస్తే తెలిసిపోతుంది’ అన్నారంటే అడ్వాన్సు కట్టకుండా బయటికి నడవండి.